సీతమ్మ చేతిలో సినిమా లెక్కలు

[షాట్: పెద్దాపురం, పాండవుల మెట్ట మీంచి ఊరు. తెల్లవారుజాము.]

నమస్కారమండీ. ఈ ఊళ్ళో పుట్టిన ఒకావిడ తెలుగువాళ్ళందరికీ సీతమ్మ అయిపోయారు. 1963 లో వచ్చిన లవకుశ, అంజలీదేవి. ఆ సినిమాకి మా అమ్మమ్మ ఎడ్లబండి మీద వెళ్ళిందట. నేల టిక్కెట్టు. లక్ష్మణుడు అడవిలో వదిలేసి వెళ్ళే సీను వచ్చేసరికి కొంగు తడిసి ముద్దయిందని ఇప్పటికీ చెబుతుంది.

ఆడదంటే అలా ఓర్చుకోవాలి అని ఇళ్ళలో ఆ సీతనే చూపించేవాళ్ళు. అసలు తమాషా అక్కడే ఉంది.

[తెర మీద: రంగుల తెర కట్టిన పాత నాటకాల స్టేజీ]

చిన్నప్పుడు అంజలీదేవి స్టేజీ ఎక్కింది మగపిల్లాడి వేషంలో. హరిశ్చంద్రలో లోహితాస్యుడు, అదీ ఇంకొకరి బదులు. ఆడవేషాలు కూడా ఎక్కువగా మగవాళ్ళే కట్టే రోజులవి. ఆ తర్వాత కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలు. పేరు విన్నారుగా, యంగ్‌మెన్! అక్కడి ఆదినారాయణరావుగారినే పెళ్ళి చేసుకున్నారు.

సినిమాల్లోకి వెళ్ళగానే ఎవరూ సీత వేషం ఇవ్వలేదు. 1947 లో గొల్లభామలో మోహిని. 1949 లో కీలుగుర్రంలో, రాజుగారిని మాయచేసి అంతఃపురంలో చేరి, రాత్రిళ్ళు ఏనుగుల్నీ గుర్రాల్నీ తినేసే రాక్షసి! ఆ రాక్షసే పద్నాలుగేళ్ళకి సీత.

ఇది చిన్న విషయం కాదండీ. మన సినిమాల్లో ఆడవాళ్ళకి రెండే గళ్ళు ఉండేవి, పతివ్రత, వగలాడి. ఏలూరు వైపు నుంచి వెళ్ళిన సిల్క్ స్మితని ఆ రెండో గడి దాటనివ్వలేదు మనం.

మరి అంజలీదేవి ఎలా దాటారు? నాకనిపించేది ఒకటే, డబ్బు పెట్టే చెయ్యి తనదే కావడం. భార్యాభర్తలు అంజలీ పిక్చర్స్ పెట్టారు. 1955 లో అనార్కలి, 1957 లో సువర్ణసుందరి. హీరోయిన్ ఆవిడే, సంగీతం ఆయనది. లవకుశ వేరేవాళ్ళు తీసిందే, కానీ ఆ సెట్లో అడుగుపెట్టేసరికి ఆవిడ ఇంకొకరి దయ మీద ఉన్న నటి కాదు.

[షాట్: గోదావరి, కొవ్వూరు వంతెన మీద రైలు]

ఇంకొకరున్నారు. పశ్చిమ గోదావరి పంగిడిలో పుట్టిన కృష్ణవేణి. 1936 లో సతీ అనసూయలో బాలనటి. 1949 లో మనదేశం సినిమాకి నిర్మాత, హీరోయిన్ కూడా. అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. అందులో పోలీసు ఇన్‌స్పెక్టరుగా చిన్న వేషం వేసిన కుర్రాడు ఎన్టీ రామారావు, అదే ఆయన తొలి సినిమా.

మీర్జాపురం రాజావారి భార్య, డబ్బుకేం లోటు అంటారా? నిజమే. కానీ ఆ రోజుల్లో ఎంతమంది జమీందారీ ఇంటి కోడళ్ళు మొహానికి రంగేసుకుని కెమెరా ముందు నిలబడ్డారు? వందేళ్ళు నిండాక, 2025 ఫిబ్రవరిలో ఆవిడ పోయారు.

[షాట్: వీధి అరుగు. అమ్మమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.]

మొన్న అమ్మమ్మకి చెప్పాను, మీ సీతమ్మ సినిమాలు తీసింది కూడాను అని.

"సీతమ్మకి డబ్బు లెక్కలేంటే?" అంది.

గుప్పెడు కాయలు అయ్యాక తలెత్తింది.

"ఎంత మిగిలిందంట?"