డోస్-డెబ్‌చెక్ రివ్యూ: ల్యాబ్ రిపాజిటరీ పబ్లిష్ చేసేముందు ఇది నడపండి

నమస్తే అండీ. కడప, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు కాలేజీ ల్యాబుల్లో లినక్స్ సిస్టమ్స్ చూసుకునేవాళ్ళ కోసమే ముఖ్యంగా ఈ వీడియో. మన దగ్గర చాలా ల్యాబుల్లో పద్ధతి ఒకటే. నెట్ మీద భారం పడకుండా డెబియన్ అనే లినక్స్ ప్యాకేజీల నకలుని, అంటే మిర్రర్‌ని, లోకల్ సర్వర్లో పెట్టుకుంటాం, దాని పక్కనే మనం కట్టుకున్న ప్యాకేజీలు కొన్ని ఉంచుతాం. సరిగ్గా ప్రాక్టికల్ పరీక్ష రోజు ఒక పిల్లాడు ఇన్‌స్టాల్ కొడతాడు, డిపెండెన్సీలు, అంటే దానికి కావాల్సిన వేరే ప్యాకేజీలు, దొరకలేదని ఎర్రర్ వస్తుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. ఆ ఎర్రర్‌ని ముందురోజే మన కళ్ళకు చూపించే టూల్ డోస్-డెబ్‌చెక్.

అసలు సమస్య ఎంత పెద్దదో చూడండి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 69,830కి పైగా ప్యాకేజీలున్నాయి. ప్రతిదానికీ కొన్ని షరతులు: ఇది కావాలి, లేదా అది కావాలి, ఫలానా వెర్షన్ కంటే పాతది కుదరదు, ఫలానాది ఉంటే నేను ఉండను. పెళ్ళికి పిలుపుల లెక్క లాంటిదే. మేనమామ రావాలంటే పెదనాన్న రావాలి, పెదనాన్న వస్తే ఇంకొకరు గడప తొక్కరు. ఒక ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయడం కుదురుతుందా లేదా అని తేల్చడం ఎన్‌పీ-కంప్లీట్ సమస్య, అంటే పెద్దదయ్యేకొద్దీ కంప్యూటర్‌కి కూడా విపరీతంగా కష్టమయ్యే రకం లెక్క అని ఐరోపాలో ఈడాస్ అనే పరిశోధన ప్రాజెక్టువాళ్ళు 2006లో చూపించారు. డోస్ మూలాలు అక్కడివే. షరతులన్నిటినీ ఇది అవును-కాదు లెక్కలుగా మార్చి, అన్నీ ఒకేసారి కుదిరే దారి ఉందో లేదో వెతికే శాట్ సాల్వర్ అనే ప్రోగ్రామ్‌కి ఇస్తుంది. నిజమైన రిపాజిటరీల్లో, అంటే ప్యాకేజీల నిల్వల్లో, ఆ లెక్కలు అంత మొండిగా ఉండవు కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ మీదే పని అయిపోతుంది.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఇది ఏదీ ఇన్‌స్టాల్ చేయదు. రూట్ పర్మిషన్ అక్కర్లేదు. రిపాజిటరీలో ప్యాకేజీల జాబితా, వాటి షరతులు రాసి ఉండే ప్యాకేజెస్ ఫైల్ ఒక్కటి చదివితే చాలు. ఫెయిల్యూర్స్, ఎక్స్‌ప్లెయిన్ అనే రెండు ఆప్షన్లూ కలిపి ఇవ్వండి. ఎక్స్‌ప్లెయిన్ ఇవ్వకపోతే ఈ టూల్ విలువ సగం పోయినట్టే. అది ఇస్తే ఏ ప్యాకేజీ విరిగిందో, అంటే ఇన్‌స్టాల్ అవ్వదో, చెప్పి ఊరుకోదు. దీనికి అది కావాలి, దానికి ఇంకోటి కావాలి, ఆ ఇంకోటి రిపాజిటరీలో లేదు అని గొలుసు మొత్తం చూపిస్తుంది. రెండు ప్యాకేజీలకు పడకపోతే, ఏ దారిలో వచ్చి ఢీకొన్నాయో కూడా రాస్తుంది.

ఒక మంచి ఉదాహరణ చెప్తాను. 32-బిట్ సిస్టమ్స్‌లో 2038 జనవరి 19న టైమ్ లెక్క 32 బిట్లలో పట్టక పొంగిపోతుంది కదా. దాన్ని సరిచేయడానికి డెబియన్ వాళ్ళు 2024లో చాలా లైబ్రరీల పేర్ల చివర టీ64 చేర్చారు. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 కాస్తా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది. 64-బిట్ పీసీల్లో కొత్త ప్యాకేజీ పాత పేరుకీ జవాబిస్తుంది, కాబట్టి డెబియన్ 12 కాలంలో మీరు కట్టిన ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవుతుంది. అదే 32-బిట్ ఆర్మ్ బోర్డు మీద అవ్వదు. పీసీ మీద చూసి అంతా బాగుందని వదిలేస్తే, ఐఓటీ ల్యాబ్‌లో పిల్లలు ఇరుక్కుంటారు. అందుకే ప్రతి ఆర్కిటెక్చర్‌కీ, అంటే ప్రతి ప్రాసెసర్ రకానికీ, విడివిడిగా నడపాలి.

మన ల్యాబులకు పనికొచ్చే ఇంకో సంగతి, బ్యాక్‌గ్రౌండ్, ఫోర్‌గ్రౌండ్ అనే విభజన. డెబియన్ మిర్రర్‌ని బ్యాక్‌గ్రౌండ్‌గా, మన ప్యాకేజీలను ఫోర్‌గ్రౌండ్‌గా ఇస్తే, మనవాటినే పరీక్షిస్తుంది, కావాల్సినవి మాత్రం రెండు చోట్లా వెతుకుతుంది. రిపోర్టు చిన్నగా, చదివేలా ఉంటుంది. సోర్స్ నుంచి కట్టేవాళ్ళకు డోస్-బిల్డ్‌డెబ్‌చెక్ అని వేరే ఉంది, అదీ ఇదే దారి.

లోపాలూ చెప్పాలి. ప్రతి ప్యాకేజీనీ ఇది విడిగా చూస్తుంది. రెండూ విడివిడిగా పాస్ అయినా, రెండూ ఒకే సిస్టమ్‌లో కలిసి ఉండగలవని అర్థం కాదు. పైగా ఇది నమ్మేది రాసిపెట్టిన షరతులనే. మీ ప్రోగ్రామ్‌కి ఒక పైథాన్ మాడ్యూల్ కావాలి, కానీ మీరు దాన్ని ప్యాకేజీ షరతులు రాసే డిపెండ్స్ లైన్లో రాయలేదు అనుకోండి, డోస్ పాస్ చేస్తుంది, ప్రోగ్రామ్ మాత్రం తెరవగానే పడిపోతుంది. నిజంగా ఇన్‌స్టాల్ చేసి, తీసేసి చూడటానికి పీయూపార్ట్స్ ఉంది, నడిపి చూడటానికి ఆటోపీకేజీటెస్ట్ ఉంది. అవి నెమ్మది. ముందు డోస్‌తో జల్లెడ పట్టి, మిగిలినవాటిని వాటికి పంపితే సమయం కలిసొస్తుంది.

రిపోర్టు యామల్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో వస్తుంది, కొత్తవాళ్ళకు మొదట్లో చూడగానే కంగారుగా ఉంటుంది. ఒకే లైబ్రరీ లేకపోతే దాని మీద ఆధారపడినవన్నీ వరసగా విరిగినట్టు కనిపిస్తాయి. పై నుంచి కిందికి చదువుకుంటూ పోకండి. మిస్సింగ్ అని ఉన్నచోట ఏ పేరు మళ్ళీ మళ్ళీ వస్తుందో చూడండి, ముందు దాన్ని సరిచేయండి.

ల్యాబ్ సర్వర్ చూసేవాళ్ళందరూ దీన్ని వాడాలన్నది నా గట్టి అభిప్రాయం. ఫోర్‌గ్రౌండ్‌లో ఒక్కటి విరిగినా ఇది సున్నా కాని ఎగ్జిట్ కోడ్, అంటే పని ఎలా ముగిసిందో చెప్పే అంకె, ఇస్తుంది. మీ పబ్లిష్ స్క్రిప్టులో దీన్ని ముందు లైనుగా పెట్టి, సున్నా రాకపోతే అక్కడే ఆగిపోయేలా రాయండి. స్క్రిప్టు కావాలంటే కామెంట్లో అడగండి, పెడతాను.