ఊహాలోకానికి బొమ్మా, ఫొటోనా? (పర్లాకిమిడి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, తెలుగు మిత్రులందరికీ నమస్కారం.

భాగాలుగా వచ్చే అద్భుత (ఫాంటసీ) సినిమాల పోస్టర్లను చేత్తో గీయించాలా, ఫొటోలతో కూర్చాలా అన్నది ఈనాటి విషయం. నా పక్షం ముందే చెబుతాను. కనీసం తొలి భాగం పోస్టరైనా గీసినదే కావాలి. ప్రేక్షకుడికి అప్పటికింకా ఆ లోకం తెలియదు. ఫొటో అతడు ఎరిగిన నటుణ్ణి చూపిస్తే, బొమ్మ అతడు ఎరగని లోకాన్ని చూపిస్తుంది.

మనవంటి ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఈ తేడా మరింత తెలుస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివిన పిల్లలు తెలుగు పోస్టరు మీది అక్షరాలను కూడబలుక్కోవలసి వస్తుంది కనుక, వారికి కథ చెప్పే భారమంతా బొమ్మదే. మన గజపతి జిల్లా సవరల ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేసే గోడచిత్రం ఇడితాల్‌లో సూర్యుడు, చంద్రుడు, గుర్రాలు, ఆడిపాడే మనుషులు ఒకే చట్రంలో ఉంటారు. వేర్వేరు వేళల సంగతులు పక్కపక్కనే ఉన్నా చూసేవారు తికమకపడరు. పోస్టరు చిత్రకారుడికి ఉన్న స్వేచ్ఛ కూడా అదే.

1977లో 'స్టార్ వార్స్' కోసం టామ్ జంగ్ వేసిన పోస్టరు చూడండి. కథానాయకుడు తలపైకెత్తిన కాంతిఖడ్గం నుంచి వెలుగు శిలువ ఆకారంలో చీలుతుంది. పక్కన తుపాకి పట్టిన రాకుమారి. ఆ ఇద్దరి వెనుక ఆకాశమంతా ఆక్రమించిన ప్రతినాయకుడి నల్లని శిరస్త్రాణం. కథానాయకుడికి గీసిన ఛాతీ అసలు నటుడిది కాదు, ముఖాల్లోనూ పోలిక అంతంతమాత్రమే. అయినా ఎవరు ఎవరితో, ఎంతటి శక్తితో తలపడుతున్నారో ఒక్క అక్షరం చదవకుండానే తెలిసిపోతుంది. అసలు ఆ చిత్రానికి నిర్మాణ సంస్థ ముందుకు రావడంలో చిత్రకారుడు రాల్ఫ్ మెక్వారీ ముందుగా వేసిన బొమ్మల పాత్ర ఎంతో ఉంది. మన 'మాయాబజార్' (1957) వెనుకా మాధవపెద్ది గోఖలే, కళాధర్ వంటి కళాదర్శకుల రేఖలున్నాయి. ఊహాలోకం కెమెరా ముందుకు రాకముందే కాగితం మీద పుడుతుంది. పోస్టరు ఆ కాగితానికి దగ్గరగా ఉండాలని నేను కోరుకుంటాను.

మొదటి 'హ్యారీ పోటర్' (2001) పోస్టరును డ్రూ స్ట్రూజన్ గీశారు. పెన్సిల్ రేఖ మీద ఎయిర్‌బ్రష్‌తో రంగు చల్లి, జుట్టు కొసలనూ కంటి మెరుపునూ రంగు పెన్సిళ్లతో దిద్దడం ఆయన పద్ధతి. ఆ వరుసలో తర్వాతి ప్రధాన పోస్టర్లు ఫొటోల దారి పట్టాయి. అది తప్పని నేననను. 2011 దాకా ఎనిమిది చిత్రాల్లో ఆ పిల్లలు మన కళ్లముందే పెరిగారు, ఆ ఎదుగుదలను ఫొటో చూపినంత నిజంగా బొమ్మ చూపలేదు. ఇక ఫొటోల జోరుకు కారణాలు తెలిసినవే: 1990లో వచ్చిన ఫొటోషాప్, తొందర, తారల ముఖాలే టికెట్లు తెగేలా చేస్తాయన్న నమ్మకం.

మన దగ్గర ఈ రెండింటి మధ్య గోడ ఎన్నడూ గట్టిది కాదు. స్టిల్స్ కత్తిరించి అతికించి, వాటి మీద రంగులద్దే పద్ధతిలో మన పబ్లిసిటీ కళాకారులు ఎన్నో వాల్‌పోస్టర్లు చేశారు. ఫొటో సైతం బొమ్మ పని చేయగలదని 2015లో 'బాహుబలి' తొలి పోస్టర్లలో ఒకటి చూపింది: నీటిలోంచి పైకి లేచిన ఒక చెయ్యి, అందులో పసిబిడ్డ, అంతే. తార ముఖం లేదు, కథ ఉంది. ఫోన్ తెరమీద బొటనవేలంత సైజులోనూ అది చెక్కుచెదరదు. పది ముఖాలు గుదిగుచ్చిన బొమ్మ అక్కడ అలికేసినట్టవుతుంది. కాబట్టి గీసేవారు ఈ చిన్న తెరనూ దృష్టిలో పెట్టుకుని, ఒకటి రెండు ఆకారాలతోనే లోకమంతా పలికించే నేర్పు సాధించాలి.

తెలుగులో ఇప్పుడు భాగాల వరుసలు తలపెడుతున్న నిర్మాతలకు నా విన్నపం ఇది. షూటింగు అయ్యాక స్టిల్స్ ఏరుకోవడానికి మాత్రమే పోస్టరు చిత్రకారుణ్ణి పిలవకండి. కథ, కళాదర్శకుడి స్కెచ్‌లు సిద్ధమైన రోజునే పిలిచి, తొలి పోస్టరు ఆయన చేత గీయించండి.