మూతపడ్డ హోటల్లో ఆగని పని

సభలోని పెద్దలకు, బెంగళూరులో స్థిరపడిన తోటి తెలుగువారికి నమస్కారం.

మన వాడుకలో హోటల్ అంటే బస చేసే చోటు కాదు, కడుపు నింపుకునే చోటు. మా పెదనాన్న హిందూపురం నుంచి ఏ పని మీద వచ్చినా ముందు లాల్‌బాగ్ దగ్గరున్న మావళ్ళి టిఫిన్ రూమ్స్‌కు వెళ్ళేవారు. మనమందరం ఎం.టి.ఆర్. అని పిలుచుకునే చోటు. నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది ఆయనే. చాలాసేపు ఎదురుచూశాక మా వంతు వచ్చింది. రవ్వ ఇడ్లీ, బంగాళాదుంప సాగు అనే కుర్మా లాంటి కూర, చిన్న గిన్నెలో కరిగించిన నెయ్యి తెచ్చి పెట్టారు. నేను చెయ్యి పెట్టబోతే పెదనాన్న ఆపి, నెయ్యి మొత్తం ఇడ్లీ మీద పోసి, "ఇంకనివ్వరా, తొందరేముంది" అన్నారు. ఇంకాక తుంచితే రవ్వ పలుకు పలుకుగా విడిపోయింది. ఆవాలు, కరివేపాకు, జీడిపప్పు ఒక్కొక్కటీ విడిగా నాలుకకు తెలిశాయి.

మన ఇళ్ళలో ఇడ్లీ రవ్వ అంటే బియ్యపు రవ్వ. ఇది బొంబాయి రవ్వ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బియ్యానికి కటకట వచ్చినప్పుడు ఈ ఇడ్లీని తామే మొదట చేశామని హోటల్ వారు చెబుతారు. లేమిలో పుట్టిన వంటకం, బియ్యం దొరికాక కూడా నిలిచింది.

ఉడుపి ప్రాంతం నుంచి వచ్చిన మయ్య సోదరులు 1924లో ఈ హోటల్ మొదలుపెట్టారు. అప్పటి పేరు బ్రాహ్మణ కాఫీ క్లబ్. ఆ రోజుల్లో హోటల్ పేరులోనే కులం కనిపించేది. ఆ పేరు పోయి మావళ్ళి అనే పేట పేరు రావడం నాకు నిండుగా అనిపిస్తుంది. సోదరుల్లో యజ్ఞనారాయణ మయ్య 1951లో ఐరోపా వెళ్ళి అక్కడి హోటళ్ళ శుభ్రత చూసి వచ్చారు. తిరిగి వచ్చాక గిన్నెలు, పళ్ళేలు ఆవిరితో శుభ్రం చేసే పద్ధతి పెట్టారు. వచ్చినవారు వంటగదిని కళ్ళారా చూడవచ్చు. దాచడానికి ఏమీ లేనివారే అలా తలుపు తీస్తారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ హోటల్ చరిత్రలో నా మనసుకు దగ్గరైన ఘట్టం ఎమర్జెన్సీ కాలం. 1975 తర్వాత హోటళ్ళ ధరలకు ప్రభుత్వం కళ్ళెం వేసింది. ఆ ధరకు అమ్మాలంటే నెయ్యి తగ్గించాలి, పప్పు పలుచన చేయాలి. మయ్యలు ఆ పని చేయలేదు. అదే నాణ్యతతో, చెప్పిన ధరకే వడ్డించి, ఏ రోజు ఎంత నష్టం వచ్చిందో హోటల్ బయట బోర్డు మీద రాసి పెట్టారు. చివరికి హోటల్ మూసేశారు.

కానీ పనివారిని వీధిన పడేయలేదు. వంట తెలిసిన ఆ చేతులకు పని కల్పించడానికి పక్కనే దుకాణం పెట్టి, రవ్వ ఇడ్లీ మిశ్రమం, మసాలా పొడులు పొట్లాలు కట్టి అమ్మారు. అప్పటికి మన ఇళ్ళలో పొడులు దంచుకోవడమే అలవాటు. బజారు పొడిని నమ్మడం చిన్న విషయం కాదు. ఆ హోటల్లో తిన్న నాలుకలు ముందు నమ్మాయి, తర్వాత ఊరు నమ్మింది. కొన్నేళ్ళకు హోటల్ మళ్ళీ తెరిచారు.

పొట్లాల వ్యాపారం 2007లో నార్వేకు చెందిన ఓర్క్లా సంస్థ చేతికి వెళ్ళింది. హోటల్ మాత్రం మయ్యల కుటుంబంలోనే ఉంది. మూడో తరం వారు నడుపుతున్నారు. కాఫీ ఇప్పటికీ వెండి గ్లాసులో ఇస్తారు.

పెదనాన్న ఇప్పుడు లేరు. ఆదివారం పూట మా ఇంట్లో రవ్వ ఇడ్లీ పొట్లం విప్పినప్పుడల్లా, మూసిన తలుపుల పక్కన కూర్చుని మొదటి పొట్లాలు కట్టిన ఆ వంటవారు నాకు గుర్తొస్తారు. ఇడ్లీలు దించగానే పిల్లలు చెయ్యి చాస్తారు. నేను నెయ్యి గిన్నె అందుకుంటాను.