వెస్ట్‌మినిస్టర్ నుంచి బకింగ్‌హామ్ దాకా: పార్కు మీదుగా ఒక నడక

[తెరపై: థేమ్స్ నది, పార్లమెంటు భవనం]

లండన్‌లో పార్లమెంటు, ప్రభుత్వ కార్యాలయాలు, రాజప్రాసాదం ఒక్క పూటలో నడిచి చూడగలిగేంత దగ్గరలో ఉన్నాయి. చాలామంది వీటిని బస్సు కిటికీలోంచి చూసి సరిపెట్టుకుంటారు గానీ, పాలనకూ రాజరికానికీ మధ్య ఎంత దూరం ఉందో కాలినడకన వెళ్ళినవారికే తెలుస్తుంది.

పార్లమెంటు పాత భవనం 1834 అక్టోబరులో అగ్నికి ఆహుతైంది. ఇప్పుడు కనిపించేదానిలో అధికభాగం ఆ తరువాత చార్లెస్ బారీ రూపకల్పన చేసినదే. మంటలకు దక్కకుండా మిగిలిన వెస్ట్‌మినిస్టర్ హాలు మాత్రం పదకొండవ శతాబ్దం చివరినాటిది. 1649లో మొదటి చార్లెస్ రాజును విచారించి మరణశిక్ష విధించినది ఈ హాలులోనే. సమయం తక్కువగా ఉంటే గడియార స్తంభం దగ్గర ఫొటోలు తగ్గించుకొనైనా దీనిని చూడాలని నా అభిప్రాయం.

[తెరపై: వైట్‌హాల్ వీధి]

ఉత్తరంగా సాగితే డౌనింగ్ వీధి వస్తుంది. ప్రధానమంత్రి నివాసాన్ని ఇనుప గేట్ల ఇవతల నుంచే చూడాలి కనుక అక్కడ ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ఇంకొంచెం ముందుకు వెళ్ళితే, 1698 అగ్నిప్రమాదంలో వైట్‌హాల్ ప్రాసాదం కాలిపోయినా నిలిచిన బాంక్వెటింగ్ హౌస్ కనిపిస్తుంది. విచారణ ముగిసిన చార్లెస్‌ను 1649 జనవరి 30న శిరచ్ఛేదం చేసినది దీని ఎదుటనే. వీధికి ఆవలనున్న హార్స్ గార్డ్స్ భవనంపై గడియారాన్ని పరిశీలనగా చూడండి: రెండు అంకె దగ్గర ఒక నల్ల మచ్చ ఉంటుంది, అది ఆ ఘడియకు గుర్తని చెబుతారు.

ఆ భవనం కమాను కిందుగా మైదానంలోకి వచ్చి ఎడమకు తిరిగితే, విదేశాంగ శాఖ భవనం పక్కన మెట్లపై రాబర్ట్ క్లైవ్ విగ్రహం ఉంది. తెలుగువారు ఇక్కడ కాసేపు నిలబడవలసిందే. నేటి కోస్తాంధ్రలో చాలా భాగం ఉన్న ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ 1765లో మొగలు చక్రవర్తి నుంచి ఫర్మానా సంపాదించినవాడు ఇతడే. కంపెనీ పోయాక మన దేశ వ్యవహారాలు నడిపిన ఇండియా ఆఫీసు కూడా ఈ విగ్రహం వెనుకనున్న భవన సముదాయంలోనే ఉండేది.

[తెరపై: సెయింట్ జేమ్స్ పార్కు]

రోడ్డు దాటగానే పార్కు. ఎనిమిదవ హెన్రీ 1532లో తీసుకున్న ఈ చిత్తడి నేలలో రెండవ చార్లెస్ తిన్నని కాలువ తవ్వించాడు. దానిని వంపులు తిరిగే సరస్సుగా మార్చినవాడు జాన్ నాష్. 1664లో రష్యా రాయబారి కానుకగా ఇచ్చినప్పటి నుంచి ఇక్కడ గూడబాతులను పెంచుతున్నారు. నేలపట్టులోనో ఆటపాకలోనో వాటి గుంపులను చూసినవారికి ఈ కొద్దిపాటి పక్షులు ఆనకపోవచ్చు. కానీ సరస్సుపై వంతెన మధ్యలో నిలబడితే ఒకవైపు రాజప్రాసాదం, మరొకవైపు వైట్‌హాల్ శిఖరాలు కనిపిస్తాయి.

[తెరపై: బకింగ్‌హామ్ ప్రాసాదం]

మూడవ జార్జి 1761లో కొన్న ఇల్లు పెరిగి పెరిగి 775 గదుల ప్రాసాదమైంది. ఫొటోలలో అందరికీ తెలిసిన దీని రాతి ముఖభాగం మాత్రం 1913 నాటిదే. కావలి భటుల మార్పిడికి జనం విపరీతంగా వస్తారు, వెనుక వరుసలో నిలబడితే టోపీలు తప్ప ఏమీ కనిపించవు. అంతకంటే, ఏటా వేసవిలో టిక్కెట్టుపై తెరిచే రాజదర్బారు గదులను చూడడం మేలు. తేదీలు ఏటా మారతాయి కనుక ముందుగానే సరిచూసుకోవాలి. పైన రాజపతాకం ఎగురుతుంటే రాజుగారు లోపల ఉన్నట్టు, బ్రిటన్ జాతీయ జెండా ఉంటే లేనట్టు.