రొయ్య చేపేనా? ముస్లిం కానివారు ఇస్లాంను చదవడం ఎలా

[దృశ్యం: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు. నీటిని చిలుకుతున్న ఏరేటర్లు.]

రొయ్య చేపేనా? ఉండి, ఆకివీడు ఊళ్ళ చెరువు గట్ల మీద ఈ ప్రశ్న వేస్తే నవ్వుతారు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో మాత్రం పండితులు దీని మీద గట్టిగానే వాదించుకున్నారు. హిందువో క్రైస్తవుడో, ఏ మతమూ లేనివాడో, ఇస్లాంను చదవాలనుకునే గోదావరి జిల్లాల మనిషికి ఇంతకంటే మంచి వాకిలి నాకు కనబడలేదు.

ఖురాన్ అయిదో అధ్యాయం 96వ వాక్యం సముద్రపు వేటనూ, దాని ఆహారాన్నీ అనుమతించింది. సముద్రపు నీరు శుద్ధమైనదనీ, అందులో చచ్చినదీ తినదగినదేననీ ప్రవక్త ముహమ్మద్ చెప్పినట్టు హదీసు, అంటే ఆయన మాటల నమోదు, ఉంది. ఇంతవరకూ పేచీ లేదు. సముద్రంలో ఉన్నవన్నీ తినవచ్చా అన్న దగ్గర మొదలైంది. సున్నీలలో నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయాలున్నాయి: హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ. చివరి మూడూ ఈ విషయంలో ఉదారంగానే ఉంటాయి. హనఫీలు మాత్రం చేప ఒక్కటే అంటారు. కాబట్టి పీత పోయింది. మరి రొయ్య? పాత అరబీ నిఘంటుకారులు దాన్ని చేపల్లోనే చేర్చారు కదా, తినవచ్చు అన్నారు కొందరు హనఫీ పండితులు. వెన్నెముక లేనిది చేప ఎలా అవుతుంది, మానుకోవడమే మేలు అన్నారు ఇంకొందరు. తెలుగునాట ముస్లింలలో ఎక్కువమంది హనఫీలే. అందుకే రొయ్యల వేపుడును ఇష్టంగా తినేవారూ ఉంటారు, ముట్టనివారూ ఉంటారు. ఇద్దరూ నిష్ఠగలవారే. పులసకు ఈ బాధ లేదు, దాని తగాదా అంతా ధర దగ్గరే.

[దృశ్యం: తెర మీద ఒకదాని కింద ఒకటిగా నాలుగు మాటలు: ఖురాన్, హదీసు, ఫిఖ్, ఊరి ఆచారం.]

ఒక్క రొయ్య వెంట వెళితేనే మూడు అంతస్తులు కనబడ్డాయి. ఖురాన్, ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే హదీసు, ఆ రెంటి నుంచి పండితులు తీసిన ధర్మశాస్త్రం, అంటే ఫిఖ్. హదీసుల్లోనూ ఎవరి నోట ఎవరు విన్నారన్న వరస చూసి, గట్టివి ఏవో బలహీనమైనవి ఏవో విడదీశారు. ఇక మీదట ఎవరైనా ‘ఇస్లాం ఇలా చెబుతుంది’ అంటే, ‘ఎక్కడ చెప్పింది?’ అని అడగండి. ఫోనులో తిరిగే సందేశాలు, పొగిడేవైనా తిట్టేవైనా, చాలావరకు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

నాలుగో అంతస్తు ఊరి ఆచారం. మనలో చాలామంది మొదట చూసింది దాన్నే.

[దృశ్యం: పీర్ల ఊరేగింపు. డప్పులు, ఊదు పొగ.]

పీర్ల పండుగ. ప్రవక్త మనుమడు హుసేన్ 680లో ఇరాక్‌లోని కర్బలాలో హతుడైన రోజుకు గుర్తు. ప్రవక్త కన్నుమూసింది 632లో. ఖురాన్ ఆయన జీవితకాలంలో వచ్చినదే కాబట్టి అందులో ఈ ఘటన కోసం వెతికినా దొరకదు. పీర్లను ఎత్తుకునేవారిలో, మొక్కులు చెల్లించేవారిలో హిందువులూ ఉంటారు. ఇది ధర్మసమ్మతం కాదని చెప్పే ముస్లిం పండితులూ చాలామందే ఉన్నారు. ‘అసలు ఇస్లాం ఇది కాదు’ అని మనం తేల్చేశామంటే, వాళ్ళ ఇంటి తగాదాలో తెలియకుండానే ఒక పక్షం చేరిపోయినట్టే. చదువరికి ఆ తొందర ఎందుకు?

ఆ పండుగ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుగా వస్తుంది. ఇస్లామీయ నెలల్లాగే మన నెలలూ చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి కానీ, అధికమాసం వేసి ఋతువులతో సరిచేసుకుంటాం. నెలలను అలా వెనక్కు జరపడాన్ని ఖురాన్ తొమ్మిదో అధ్యాయం 37వ వాక్యం తప్పుపట్టింది. అందుకే రంజాన్ కొన్నేళ్ళు రోహిణి ఎండల్లో, కొన్నేళ్ళు సంక్రాంతి చలిలో వస్తుంది.

[దృశ్యం: బల్ల మీద తెలుగు ఖురాన్ అనువాదం.]

ఇక పుస్తకం. మొదటి పేజీ నుంచి కథలా చదవబోయి రెండో అధ్యాయంలోనే ఆగిపోయేవారు ఎక్కువ. దానికి 286 వాక్యాలు. మొత్తం 114 అధ్యాయాల కూర్పు కాలక్రమంలో ఉండదు, స్థూలంగా పెద్దవి ముందు, చిన్నవి వెనుక. మొట్టమొదట అవతరించినవని చెప్పే వాక్యాలు 96వ అధ్యాయంలో ఉన్నాయి. నా సలహా, పన్నెండోది చదవండి. యూసుఫ్ కథ, ఆద్యంతం ఒకే కథనం. తరువాత పంతొమ్మిదోది, మర్యమ్. యోసేపునూ మరియనూ బైబిల్లో ఎరిగిన డెల్టా క్రైస్తవులకు ఇక్కడ తెలిసినదీ ఎదురవుతుంది, కొత్తదీ ఎదురవుతుంది. ఆ తేడాలను కాగితం మీద రాసుకోండి.

ఈ పని చేసిన మొదటి ముస్లిమేతరులు మీరేమీ కాదు. ‘ఆంధ్ర భాషా చరిత్రము’ రాసిన చిలుకూరి నారాయణరావు గారు గత శతాబ్ది తొలినాళ్ళలోనే ఖురాన్‌ను తెలుగు చేశారు. ముస్లిం కవి అయిన పిఠాపురం ఉమర్ అలీషా గారేమో పారశీక కవి ఖయ్యాం రుబాయీలను, అంటే నాలుగు పాదాల పద్యాలను, మూలం నుంచే తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. అవి చదవండి, కానీ మధుపాత్రల కవిత్వాన్ని మతసిద్ధాంతం అనుకోకండి.

[దృశ్యం: రాజమహేంద్రవరం మసీదు.]

ఇక్కడి పారశీక శాసనం 1324 నాటిది, తుగ్లకుల కాలం. ఈ చోట అంతకుముందు వేణుగోపాలస్వామి ఆలయం ఉండేదని స్థానికంగా చెబుతారు. దాన్ని దాటవేయనక్కరలేదు. అయితే అది సైన్యాల చరిత్ర కింద చదవాల్సిన విషయం, నమాజు ఏమిటో అది చెప్పదు.

నమాజు గురించి తెలుసుకోవాలంటే మీ ఊరి మసీదుకే వెళ్ళండి. ముందు ఇమాం గారిని అడగండి. స్త్రీలైతే లోపలికి వీలుందో లేదో కూడా కనుక్కోండి. శుక్రవారం మధ్యాహ్నం జనం ఎక్కువ, ప్రశ్నలకు అది సమయం కాదు. నమాజు చేసేవారి ముందు నుంచి నడవకండి. ‘మీ మతం ఏమంటుంది?’ అనే పెద్ద ప్రశ్న వద్దు, చిన్నది పట్టుకెళ్ళండి. ఉదాహరణకు, వాన నీటితో, ఊట నీటితో పండిన పంటలో పదో వంతు, మోటతో తోడి పండిస్తే ఇరవయ్యో వంతు దానం ఇవ్వాలని హదీసు. మరి ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలో వచ్చి, నీటి తీరువా కట్టించుకునే నీటితో పండిన వరికి ఎంత? జవాబు రాసుకోండి, అది ఏ గ్రంథంలో ఉందో కూడా అడిగి రాసుకోండి.