మావోడి హాకీ దెబ్బ, నల్లగొండ కబడ్డీ పిలగాండ్లు

నమస్తే అందరికీ! నల్లగొండ ఎన్జీ కాలేజ్ గ్రౌండ్ కాడ ఉన్నం. కెనడాల ఎడ్మంటన్ చలిలకెళ్లి వచ్చినోళ్లకు ఈ పొద్దుగాలటి ఎండ మస్తు హాయి. మావోడి చెయ్యిని మెడకు ఏలాడదీసిన పట్టీ, అదే స్లింగ్ గురించి చాలామంది అడిగిన్రు, ఇయ్యాల అదే చెప్త.

ఐస్ హాకీల రింక్ చుట్టూ బోర్డ్స్ ఉంటయి. మంచు మీద మస్తు స్పీడుల పోతుంటే అవతలోడు గుద్దిండు, మావోడి భుజం పోయి సీదా బోర్డ్‌కు తగిలింది. కెనడాల 2013 నుంచి చిన్న పిల్లల ఆటల ఇట్ల ఒంటితోని గుద్దుడు, అదే బాడీ చెకింగ్ తీసేసిన్రు, మంచి పని చేసిన్రు. మావోడు ఆ వయసు దాటిండు.

కాలర్ బోన్ కొస, రెక్క ఎముక కలిసే కాడ జబ్బ మీద చిన్న కీలు ఉంటది, ఏసీ జాయింట్ అంటరు. దాన్ని పట్టుకున్న లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపే పట్టీలు తెగితే కాలర్ బోన్ పైకి లేస్తది. డాక్టర్లు ఈ దెబ్బను 6 రకాలు చేసిన్రు. 1, 2 రకాలకు స్లింగ్, ఐస్, వ్యాయామం చాలు. 3వ దానికి గూడ ఎక్కువమందికి ముందు ఇదే వైద్యం. 4 నుంచి 6 అయితే ఆపరేషన్ దాకా పోతది. మావోడిది 2.

మా అమ్మ "పుత్తూరు కట్టు కట్టిద్దాం బిడ్డా" అన్నది. ఆమె ప్రేమ నాకు తెల్సు. కానీ కట్టి కదలకుండ ఉంచితే భుజం బిగుసుకపోతది. అందుకే డాక్టర్ చెప్పినట్టు స్లింగ్ తీసి, ముందుకు వంగి చెయ్యిని మెల్లగ ఊపుతున్నడు, చూడున్రి.

కబడ్డీ పిలగాండ్లు చుట్టు చేరిన్రు. రైడర్‌ను పట్టి పడేస్తే భుజం మీదనే పడతరు కదా, వీళ్లకు గూడ ఇవే దెబ్బలు. "అక్కా, నొప్పి తగ్గితే ఆడొచ్చా?" అని ఒకడు అడిగిండు. తగ్గుడొక్కటే సరిపోదు తమ్మీ. చెయ్యి పూర్తిగ లేవాలె, రెండు చేతుల బలం సమానం కావాలె. ముందు ఒక్కనివే ప్రాక్టీస్ చెయ్యి, గుద్దులాట ఆఖర్ల.

ఇంకో పిలగానికి భుజం గుండు మళ్ల మళ్ల జారుతదట, దోస్తులే గుంజి ఎక్కిస్తున్నరట. నాకు గుండె గుభేల్‌మన్నది. అట్ల గుంజొద్దు! ఎముక విరిగి ఉండొచ్చు, నరం దెబ్బతినొచ్చు. చిన్న వయసుల ఒక్కసారి జారితే మళ్ల జారే అవకాశం ఎక్కువ, లోపల కీలు అంచు చిరిగి ఉండొచ్చు. వాళ్ల నాయినతోని ఫోన్ల మాట్లాడిన. ఆర్థో డాక్టర్‌కు చూపిస్త అన్నడు.