గొంతు కింది మోత: హై-పాస్ ఫిల్టర్‌పై ఫోన్-ఇన్

(ప్రసారమైన సంభాషణకు రాత రూపం)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంట్లో కథలు చదివి రికార్డు చేసేవాళ్లు, పాత కేసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు తరచూ అడిగేది గొంతు కింద వినిపించే మోత గురించి. దాన్ని తీసే హై-పాస్ ఫిల్టర్ గురించి చెప్పడానికి సౌండ్ ఇంజినీర్ గారు స్టూడియోకి వచ్చారు. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (తెనాలి): నమస్కారమండీ. నేను రిటైరైన తెలుగు టీచర్ని. అమెరికాలో ఉన్న మనవరాళ్ల కోసం కథలు చదివి పంపుతుంటాను. ఫోన్లో వింటే బాగానే ఉంటుంది. మా అబ్బాయి కార్లో పెడితే మాత్రం గొంతు కింద ధభ్ ధభ్‌మని ఏదో కొట్టుకుంటోందట. ఎవరో హై-పాస్ ఫిల్టర్ వేసి 300 పెట్టమన్నారు. పెట్టాను. చప్పుడు పోయింది కానీ నా గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. చిన్నది "నానమ్మా, జలుబు చేసిందా?" అని అడిగింది.

ఇంజినీర్: పాప సరిగ్గా పట్టింది టీచర్ గారూ. మీరు పెట్టిన అంకె కంటే కింద ఉన్న ధ్వనిని అణిచేసి, పైనున్నదాన్ని పోనివ్వడమే ఆ ఫిల్టర్ పని. కొన్ని మిక్సర్ల మీద దాన్నే లో-కట్ అని రాస్తారు. మాట్లాడేటప్పుడు ఆడవాళ్ల గొంతు మూలస్వరం, అంటే అన్నిటికంటే కింద పలికే స్వరం, మామూలుగా 165 నుంచి 255 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకి అన్ని కంపనాల మధ్య తిరుగుతుంది. 300 దగ్గర కోస్తే అదంతా పోయి, పై స్వరాలే మిగులుతాయి. మాట అర్థమవుతుంది, గొంతులో కండ ఉండదు. పాత టెలిఫోను లైన్లు మోసింది 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. అయినా మనిషిని పోల్చుకునేవాళ్లం కదా? పై స్వరాల మధ్య ఎడాన్ని బట్టి, లేని మూలస్వరాన్ని మన మెదడే నింపుకుంటుంది. కబురు చెప్పడానికి అది చాలు. పిల్లలకి కథ చెప్పడానికి చాలదు.

శ్రోత: మరి ఎంత పెట్టాలండీ?

ఇంజినీర్: 80తో మొదలుపెట్టండి. మీ కథలో గొంతు బాగా కిందికి దించే చోటు ఏదైనా ఉందా?

శ్రోత: బకాసురుడు మాట్లాడేచోటు ఉంది.

ఇంజినీర్: ఆ వాక్యాన్నే మళ్లీ మళ్లీ తిప్పండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని, అంకెను మెల్లగా పెంచుతూ పోండి. బకాసురుడు ఎక్కడ బక్కచిక్కినట్టు వినిపిస్తాడో అక్కడ ఆగి, 20 హెర్ట్జ్ వెనక్కి రండి. అదే మీ గొంతుకి సరిపోయే అంకె. పక్కవాళ్ల గొంతుకి వేరే ఉంటుంది. ఫోన్ స్పీకర్లో మాత్రం సరిచూడకండి. అంత చిన్న స్పీకరు ఆ కింది చప్పుళ్లను పలికించలేదు, అందుకే మీకు వినపడనిది మీ అబ్బాయి కార్లో వినపడింది. ఇంకోటి, ఆ ధభ్ ధభ్ బకాసురుడు, భీముడు అన్నప్పుడే వస్తోందేమో చూశారా?

శ్రోత: అవునండీ! భీముడు వచ్చాడంటే చాలు.

ఇంజినీర్: ప, బ, ఫ, భ పలికినప్పుడు నోట్లోంచి గాలి తోసుకొచ్చి మైకుని కొడుతుంది. మైకుని నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి జరపండి, సగం పోతుంది. ఫ్యాను గాలి కూడా మైకు మీద పడకూడదు. ఫిల్టర్ ఆ గాలిదెబ్బ బరువు తగ్గిస్తుంది కానీ, ఫ్యాను చేసే హోరు పై స్థాయిల్లోనూ పరుచుకుని ఉంటుంది. అది దీనికి లొంగదు. చదివే పది నిమిషాలూ ఆపేయండమ్మా.

వ్యాఖ్యాత: సిద్దిపేట వైపు నుంచి ఇంకో కాల్.

శ్రోత (సిద్దిపేట): నమస్తే సార్. మా మామ ఒగ్గు కథ చెప్తడు. మొన్న చెక్క స్టేజీ మీద మూడు మైకులు పెట్టి రికార్డు చేసిన. మామకొకటి, డోళ్లకొకటి, తాళాలకొకటి. వాళ్లు అడుగేసినప్పుడల్లా మామ గొంతు లోపలికి పోయి మళ్లొస్తున్నది. గొంతు మీద కంప్రెసర్ ఏసిన, దాని ఎనక ఫిల్టర్ పెట్టిన.

ఇంజినీర్: ఆ వరసలోనే చిక్కుంది తమ్ముడూ. శబ్దం పెద్దదైనప్పుడల్లా దాన్ని అణచడమే కంప్రెసర్ పని. అడుగుల దెబ్బ చెక్కలోంచి స్టాండులోకి, స్టాండులోంచి మైకులోకి పాకుతుంది. చెవికి పెద్దగా తెలియకపోయినా కంప్రెసర్ లెక్కకి అది పెద్ద శబ్దమే. దాన్ని అణచబోయి మామ గొంతుని కూడా అణిచేస్తుంది. ఆ తర్వాత ఫిల్టర్ పెట్టి దెబ్బని తీసేసినా, గొంతులో పడిన గుంట అలాగే ఉంటుంది. ముందు ఫిల్టర్, వెనక కంప్రెసర్ పెట్టు. మామది బరువు గొంతా?

శ్రోత: బాగ బరువు సార్.

ఇంజినీర్: మగవాళ్ల మూలస్వరం 85 దాకా దిగుతుంది. ఆయనకి 70 దగ్గర ఆపు. డోళ్ల మైకు జోలికి మాత్రం ఆ అంకెతో పోవద్దు. డోలు బరువంతా అక్కడే ఉంటుంది. 30 దాటించకు. మూడు మైకులనీ కలిపేశాక మొత్తం మీద ఫిల్టర్ వేసేవాళ్లని చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. డోలు కొట్టినవాడి కష్టమంతా ఒక్క నొక్కుతో పోతుంది. ఈసారి స్టాండు కింద మందపాటి ఫోమ్ ముక్క వెయ్యి.

శ్రోత: సరే సార్. కంప్యూటర్ లోపల ఇది ఏం చేస్తది? దానికి ఏది డోలు, ఏది గొంతు ఎట్ల తెలుస్తది?

ఇంజినీర్: తెలియదు. దానికి వచ్చేవి అంకెలే, సెకనుకి 48,000. ఇప్పటి అంకెలోంచి కిందటి అంకెను తీసేస్తే ఏమవుతుంది? మెల్లగా మారే అలలో పక్కపక్క అంకెలు దాదాపు ఒకటే కాబట్టి మిగిలేది సున్నాకి దగ్గర. వేగంగా మారే అలలో తేడా పెద్దది, అది నిలుస్తుంది. మెల్లగా మారేదే కింది ధ్వని. ఆ తేడాకి, ఇంతకుముందు తాను బయటికిచ్చిన అంకెలో కొంత వంతు కలుపుతారు. ఆ వంతు ఎంత అన్నదే కటాఫ్‌ని, అంటే కోత మొదలయ్యే అంకెని నిర్ణయిస్తుంది. ఒకసారి చేస్తే, కటాఫ్ కింద ఒక్కో స్థాయి దిగేసరికి శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. డెసిబెల్ అంటే శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత. ఇలాంటి మెట్లు రెండు పేరిస్తే 12, నాలుగు పేరిస్తే 24. స్థాయి అంటే మన సంగీతంలో స్థాయే, హెర్ట్జ్ సగమవడం. గొంతుకి 12 చాలు.

వ్యాఖ్యాత: కాకినాడ నుంచి ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు.

శ్రోత (కాకినాడ): మా నాన్నగారు ఇంట్లో పాడుకున్న కీర్తనలు కేసెట్ల మీద ఉన్నాయండి. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తుంటే గుయ్‌మని మోత. కరెంటు మోత 50 హెర్ట్జ్ అని ఎక్కడో చదివి, 100 దగ్గర, 24 డెసిబెల్స్ పెట్టాను. మోత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పైగా తంబురా నిండుదనం పోయింది.

ఇంజినీర్: నాన్నగారిది ఎంత శ్రుతి అండి?

శ్రోత: ఒకటిన్నర.

ఇంజినీర్: అంటే షడ్జం 138.6 హెర్ట్జ్. తంబురాలో మంద్ర షడ్జం తీగ దానికి సగం, 69.3. మీరు పెట్టిన ఫిల్టర్‌లో ఆ తీగ మూలస్వరం దాదాపు 13 డెసిబెల్స్ పడిపోతుంది. నిండుదనం పోయింది అక్కడే. ఇక కరెంటు మోత 50తో ఆగదు, 100, 150 దగ్గర కూడా పలుకుతుంది. హై-పాస్ వాటిని పట్టదు. ఒక్కచోటే సన్నగా కోసే నాచ్ ఫిల్టర్ ఉంది కానీ, మీ మంద్ర పంచమం 103.8. 100 దగ్గర కోత ఏమాత్రం వెడల్పయినా పంచమం తెగుతుంది. అందుకని కోత మాట తర్వాత చూద్దాం. టేప్‌రికార్డరు ఇప్పుడు మీ దగ్గరే ఉందా?

శ్రోత: ముందే ఉందండి. పాడుతోంది.

ఇంజినీర్: కేసెట్టు ఆపండి. వైర్లు పీకకండి. మోత వినిపిస్తోందా?

శ్రోత: ...ఆపాను. అలాగే ఉందండి.

ఇంజినీర్: అయితే అది కేసెట్టులో లేదు. ల్యాప్‌టాప్ చార్జరు తీసి, బ్యాటరీ మీద ఉంచి చూడండి.

శ్రోత: ఒక్క నిమిషం... అరె. పోయిందండి. మొత్తం పోయింది.

ఇంజినీర్: చార్జరు ఎర్తు, టేప్‌రికార్డరు ఎర్తు కలిసి ఒక చుట్టు కట్టాయి. మోత అందులోంచి వస్తోంది. ఇప్పటిదాకా ఎన్ని ఎక్కించారు?

శ్రోత: పదకొండు.

ఇంజినీర్: ఆ పదకొండూ మళ్లీ ఎక్కించాలండి. బ్యాటరీ మీద, హెడ్డు తుడిచి, ఏ ఫిల్టరూ లేకుండా, 24 బిట్లలో. ఆ ఫైళ్లు కదపకుండా దాచి, కోతలేమైనా ఉంటే కాపీ మీద చేసుకోండి. కేసెట్లు బాగున్నాయా?

శ్రోత: ఒకటి నలిగింది. మిగతావి బాగానే ఉన్నాయి. మొదటిది ఇప్పుడే వెనక్కి తిప్పుతున్నానండి.